బొట్టు పెట్టించుకున్న మీటర్లు

"అమ్మా, మీ మీటరు టాంపర్ అయ్యిందమ్మా!" అంది ఫోనులో ఒక అమ్మాయి.

పుట్టమ్మ ఒక చేత్తో ఫోనూ, ఇంకో చేత్తో గంధం గిన్నే పట్టుకుని గ్రైండరుకు బొట్లు పెడుతోంది. పక్కన అత్తగారు కోటమ్మ గంట వాయిస్తోంది. పండగ పూట గంటల మధ్య ఏ మాట ఏ చెవిలో ఎలా దూరుతుందో ఎవరు చెప్పగలరు?

"టెంపులేనా? అయ్యింది, అయ్యింది! చూస్తే నువ్వు కూడా దండం పెడతావు" అంది పుట్టమ్మ సంతోషంగా.

"మీరే చేసినారామ్మా?"

"నాకు యాడ చేతనవుతుంది తల్లీ? చెన్నకేశవ చేసినాడు. ఏటేటా ఆయప్పే చేసేది. మాదొకటేనా, వీధి వీధంతా చేసేసినాడు. ఇంగ రెండిండ్లు మిగిలినాయి, అవీ అయిపోతాయిలే."

ఫోనులో కీబోర్డు టకటకలాడింది.

"ఊరకే చేసినాడామ్మా?"

"పండగ పూట ఊరకే ఎవరు పంపిస్తారు? ఆకూ వక్కలో పెట్టి అంతో ఇంతో ఇచ్చినాం."

"సరేమ్మా" అంది ఆ అమ్మాయి బెదిరిన గొంతుతో. కాసేపటికి వీధంతా కరెంటు పోయింది.

అమ్మాయి అన్నది టాంపర్, అంటే మీటరు మూత ఎవరో విప్పారని. పుట్టమ్మ విన్నది టెంపుల్, అంటే మీటరు గుడి అయ్యిందని. చోద్యమేమిటంటే రెండూ నిజమే.

తమిళనాడు అంచున ఉన్న బేరిగై పడమటి వీధిలో ఆయుధపూజ అంటే మొదట మీటరు పూజ. వీధి వైర్‌మన్ చెన్నకేశవ తలంటుకుని, స్క్రూడ్రైవరు చెవిమీద పెట్టుకుని, గంధం కుంకుమ తట్టతో ఇల్లిల్లూ తిరుగుతాడు. పాత మీటర్లు కొయ్యపెట్టెల్లో ఉండేవి. పెట్టె తలుపు తీసి, బూజు దులిపి, బొట్టు పెట్టి, ఒక చామంతి గుచ్చి మూసేవాడు. ఈ ఏడు కొయ్యపెట్టెలు పోయి స్మార్ట్ మీటర్లు వచ్చాయి. వాటికి తలుపు లేదు. కింద వైర్లు దూరే చోట ఒక మూత ఉంది, దానికి రెండు స్క్రూలూ, ఒక సీలు తీగా ఉన్నాయి. గర్భగుడిలో పెట్టవలసిన బొట్టు గోపురం మీద పెడతామా? చెన్నకేశవ సీలు తీగ విప్పి, స్క్రూలు వదులు చేసి, మూత ఎత్తి, లోపల బొట్టు పెట్టి, మూత దించి, స్క్రూలు పైపైన తిప్పి, తీగను మళ్ళీ అలాగే మెలిపెట్టాడు. ఇంటి తర్వాత ఇల్లు, వీధి పొడవునా. పైన పూలు పెట్టడం ఇంటివాళ్ళ వంతు.

పాత మీటరుకు లెక్కలు మాత్రమే వచ్చు. కొత్తదానికి లెక్కలతో పాటు చాడీలు కూడా వచ్చు. మూత లేచిన ప్రతిసారీ అది కృష్ణగిరిలో ఉన్న కంట్రోల్ రూముకు చెప్పింది. అక్కడ తెరమీద ఒక్కో ఇంటి దగ్గర ఒక్కో ఎర్రచుక్క వెలిగింది. ఇక్కడ మీటరు లోపల ఎర్రబొట్టు, అక్కడ తెర మీద ఎర్రచుక్క, రెండింటికీ నడుమ శూలగిరి కొండలు. ఒక వీధిలో ఇరవై చిల్లర మూతలు వరసగా లేస్తే దాన్ని దొంగతనం అనే అనుకుంటుంది ఏ కంప్యూటరైనా. కరెంటు దొంగలు పట్టపగలు, పండగ పూట, క్యూ పద్ధతి పాటిస్తూ దొంగతనం చేస్తారా అని అది ఆలోచించదు. ఫ్యూజు తెలిసినంత బాగా దానికి పూజ తెలియదు.

కరెంటు ఆపిన అమ్మాయి పేరు రశ్మి. ఆమె వెంటనే ఇంకో ఫోను చేసింది. అది హోసూరు నుంచి బేరిగై పోయే బస్సులో, కిటికీ పక్కన, కొత్త చొక్కాలో మోగింది.

ఆ చొక్కాలోని మనిషి ఈశ్వరప్రసాద్. మీటర్లు బిగించే కంపెనీకి హోసూరులో ఫీల్డు సూపర్‌వైజరు. చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడు. యాభై నిండాయి. గొంతు పెద్దది, మాట ఇంకా పెద్దది. మాటను మాటతో ముడిపెట్టకుండా మంచినీళ్ళు కూడా అడగలేడు. భార్య నాగజ్యోతి పోయాక చిత్తూరు ఇల్లు ఖాళీ చేసి ఈ పనిలో చేరాడు. హోసూరు అంటే కన్నడంలో కొత్త ఊరని అర్థం. ఎన్నేళ్ళున్నా ఆ పేరు మార్చుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఇల్లు సింగిల్ ఫేజు, మనిషీ సింగిలే.

ఆయన కింద పనిచేసే కుర్రవాళ్ళంతా తమిళం మాట్లాడతారు. ఈయన తెలుగులో ఒక చమత్కారం విసిరితే వాళ్ళు మర్యాదగా "ఎస్ సార్" అంటారు. చమత్కారానికి తిట్టినా తట్టుకోవచ్చు గానీ, ఎస్ సార్ అంటే ఎలా బతకడం? తన గదికి కూడా స్మార్ట్ మీటరు పెట్టించుకుని, సాయంత్రాలు ఫోనులో దాని వాడకం గీత చూసుకునేవాడు. పొద్దున కాఫీకి ఒక చిన్న గుట్ట, రాత్రి టీవీకి ఒక చిన్న గుట్ట, మిగతాదంతా బల్లపరుపు నేల. 'లోడు తక్కువ, లోటు ఎక్కువ' అనుకునేవాడు. మంచి మాటే. చెప్పుకోవడానికి మనిషి లేక అది అలాగే చల్లారిపోయేది.

అలాంటివాడు రెండు నెలల క్రితం బేరిగై పడమటి వీధికి మీటర్లు బిగించడానికి వచ్చాడు. వీధంతా తెలుగే. వందల ఏళ్ళ కిందట వచ్చి నిలిచిపోయిన తెలుగు. పుట్టమ్మ ఇంటి గోడకు మీటరు బిగిస్తూ, "మీటితే పలికేది వీణమ్మా, మీటకపోయినా పలికేది మీటరు" అన్నాడు అలవాటుగా. పుట్టమ్మ స్తంభం పట్టుకుని నవ్వింది. కోటమ్మకు సరిగ్గా వినపడక, "ఏమన్నాడే? ఇంగొకసారి చెప్పప్పా" అంది. ఆయన ఆమె చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. ఆమె మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఆ రోజు ఆయనకు మధ్యాహ్నం తిండి గుర్తు రాలేదు.

బిగింపు పని అయిపోయి పోతుంటే పుట్టమ్మ, "ఆయుధపూజకు మా ఇంటికి రాప్పా. ఆకు వేస్తాను" అంది. పండగకు తనను ఒక ఇంటివాళ్ళు పిలవడం నాగజ్యోతి పోయాక ఇదే మొదలు. చొక్కా కొన్నాడు. మైసూర్ పాక్ కొన్నాడు. వారం రోజులుగా చమత్కారాలు ఏరి పెట్టుకున్నాడు, పెళ్ళికి బట్టలు ఏరినట్టు. ఒక్క భోజనం కోసం కాదు ఆ ఆరాటం. ఒక్కసారి ఆ ఆకు ముందు కూర్చుంటే, ఏటా కూర్చోగల ఇల్లు ఒకటి ఏర్పడుతుంది. లేకపోతే అది కూడా ఒకసారి మీటరు బిగించి వచ్చిన ఇల్లే అవుతుంది.

"సార్, బేరిగైలో పెద్ద దొంగతనం సార్" అంది రశ్మి. "పడమటి వీధి మొత్తం. ఒకమ్మ ఒప్పేసుకునింది కూడా. చెన్నకేశవ అని ఎవడో లీడరంట. లైను ఆపేసినాను. మా సారుకు ఫోను చేస్తే ఎత్తలేదు, పండగ కదా. మీరు యాడ ఉండారు సార్?"

"అదే వీధికి భోజనానికి పోతా ఉండానమ్మా" అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆ తర్వాత ఆయనకు ఏ చమత్కారమూ తోచలేదు.

వీధి మొదట్లోనే జనం ఉన్నారు. ఫ్యాన్లు ఆగిన ఇళ్ళలోంచి అందరూ అరుగుల మీదికి వచ్చి చేరారు. జెరాక్సు అంగడి ఉదయ్ కుమార్ ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"రాండి సార్, రాండి. దొంగల వీధికి రాండి. బేడీలు తెచ్చినారా, లేదంటే ఆ పొట్లంలో ఉండాయా?"

"అది మైసూర్ పాకప్పా."

"ఆహా! జైలు కూడు తీపిగా ఉంటాదని ఇప్పుడే తెలిసింది. ఆఫీసుకు ఫోను చేస్తే మీ వీధిలో దొంగతనం, చెన్నకేశవ లీడరు, అందుకే ఆపినాం అంటా ఉండారు. మా తాత కాలంలో కూడా ఈ వీధిని ఎవురూ ఆ మాట అనలేదు. మీ మీటరు వచ్చినాకనే మేం దొంగలైనాం."

చెన్నకేశవ తన ఇంటి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నుదుట కుంకుమ చెమటకు కారుతోంది. "చిన్నప్పట్నించి ఈ వీధికి వైరు కట్టినవాణ్ణి. ఒక ఇంట్లో ఒక బల్బు పోయిందంటే అన్నం వదిలేసి పోయినాను. నేను లీడరంట. దొంగల లీడరంట!"

పుట్టమ్మను అడిగితే ఫోను సంగతి బయటపడింది. "టెంపుల్ అయ్యిందా అని అడిగింది, అయ్యింది అన్నాను. దాంట్లో తప్పేముంది?" అంది. ఆ అమ్మాయి అడిగింది టెంపుల్ కాదు టాంపర్ అని ఈశ్వరప్రసాద్ చెబితే జనంలో ఒకరిద్దరు నవ్వారు గానీ, ఆ నవ్వు నిలవలేదు. మాట సర్దుకుంటే మూతలు సర్దుకుంటాయా? కృష్ణగిరి తెరమీద చుక్కలు ఎర్రగానే ఉన్నాయి.

కోటమ్మ మిద్దె వైపు చూపించింది. అక్కడ సోలార్ పలకలు ఎండలో తళతళలాడుతున్నాయి. "సరేప్పా, కంపెనీ కరెంటు తీసేసింది. మా మిద్దె మీద మా ఎండ, మా పలకలు. అది కూడా ఎందుకు రాదు? సూర్యుడు కూడా మీ కంపెనీ మనిషేనా?"

"అది అంతేనమ్మా. లైను చచ్చిపోతే పలకలు కూడా ఆగిపోవాల. లేదంటే మీ కరెంటు వెనక్కి పోయి, స్తంభం మీద పని చేసేవాణ్ణి కొట్టేస్తుంది."

"ఎవురప్పా స్తంభం మీద? పండగ పూట కాకి కూడా లేదు."

ఈశ్వరప్రసాద్ చుట్టూ చూశాడు. అందరి ముఖాలూ బిగుసుకుని ఉన్నాయి. ఇలాంటప్పుడు ఆయనకు తెలిసిన దారి ఒకటే. గొంతు పెంచి, "ఏం చేద్దామప్పా, వైరు వల్ల వైరం వచ్చె! షాకు కొట్టింది మీటరు, సోకం మాత్రం వీధికి..." అని మొదలుపెట్టాడు.

ఎవరూ నవ్వలేదు. కనీసం ఎస్ సార్ అని కూడా ఎవరూ అనలేదు.

"ఈశ్వరా" అంది పుట్టమ్మ. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "ఈపొద్దు ఆయుధపూజ కదప్పా. అందరూ వాళ్ళ వాళ్ళ ఆయుధాలు పూజలో పెట్టి మూసినారు. నీ ఆయుధం నోరే. దాన్ని కూడా పూజలో పెట్టు. ఈ చెన్నన్న పేరు కడిగి, కరెంటు తెప్పించు. అంతవరకూ నీకు గానీ నాకు గానీ ఆకు లేదు."

ఇప్పుడు మాత్రం వీధంతా నవ్వింది.

వారమంతా ఆయన కోరుకున్నది ఆ నవ్వే. అది వచ్చింది. ఆయన మాత్రం దాని బయట నిలబడి విన్నాడు. పక్కింటి పెళ్ళి బాజా వింటున్నట్టు ఉంది. చొక్కా కొత్తది కావడం వల్ల మెడ దగ్గర గీరుకుంటోంది. నోరు మూసుకున్నాడు. మూసుకున్నాక తెలిసింది, అందులో తప్ప తను ఇంకెక్కడా కాపురం లేడని.

పక్కకు పోయి రశ్మికి ఫోను చేశాడు. పూజ సంగతి చెప్పాడు, తక్కువ మాటల్లో.

"కారణం రాయాల సార్" అంది రశ్మి. "గడిలో ఏముండాయంటే, దొంగతనం, ఎలుక, వాన, పిడుగు, ఇతరములు. పూజ అని లేదు సార్."

ఎలుకను పెట్టినవాళ్ళు వినాయకుణ్ణి పెట్టలేదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఇతరములు అని రాయమ్మా" అన్నాడు. ఆ గడి ఆయనకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా ఆయన అద్దె కడుతున్నది దాని లోపలే.

"రాస్తాను సార్. అయితే ప్రతి మూతా బిగించి, ప్రతి మీటరూ ఫొటో పంపించాల. అన్నీ సరిగ్గా ఉంటే నేను ఇచ్చేస్తాను. సీళ్ళు రేపు వేస్తారని రాసుకుంటాను."

బిగించాలంటే స్క్రూడ్రైవరు కావాలి. ఈశ్వరప్రసాద్ పనిముట్ల సంచి హోసూరు ఆఫీసులో, బూడిద గుమ్మడికాయ పక్కన, కుంకుమ బొట్లతో పూజలో కూర్చుని ఉంది. తాళం వేసి అందరూ ఊళ్ళకు పోయారు. చెన్నకేశవను అడిగాడు.

చెన్నకేశవ తలుపు బార్లా తీసి చూపించాడు. పీట మీద ఎర్రగుడ్డ, దాని మీద కటింగ్ ప్లేయరు, టెస్టరు, స్క్రూడ్రైవర్లు, అన్నిటి మీదా చామంతులు. ముందు దీపం.

"వీధి చివరి మీటరు అయిపోతానే వీటిని కూచోబెట్టినాను. రేపు పొద్దున మళ్ళీ పూజ చేసి ఎత్తాల. అంతవరకూ నేను తాకను, ఇంగొకణ్ణి తాకనీను."

"నీ పేరు కడగడానికే కదన్నా."

"పేరు కడుక్కోడానికి తల్లి మీద చెయ్యి వేస్తానా? దొంగ అనిపించుకుంటా గానీ, ఆ పని చేయను."

ఉదయ్ కుమార్ అంగడిలోకి పరుగెత్తాడు. జెరాక్సు మిషను కింద ఒక స్క్రూడ్రైవరు ఉండేది. దానికి కూడా బొట్టు పడిపోయింది. ఒకరు కత్తి అన్నారు, బొట్టు. కత్తిపీట, బొట్టు. కొడవలి, బొట్టు. బండి రిపేరు స్పానరు, బొట్టుతో పాటు నిమ్మకాయ కూడా. అన్నం గరిట ఆయుధమా కాదా అని ఇద్దరు ఆడవాళ్ళు వాదనకు దిగారు. మొగుడి వీపు మీద పడితే ఆయుధమే అని ఒకామె తీర్పు చెప్పింది. రూపాయి బిళ్ళతో తిప్పమన్నాడు ఒకడు. "అంగట్లో గల్లాపెట్టెకు కూడా పూజ అయిపోయిందప్పా" అన్నాడు ఉదయ్ కుమార్ తల గోక్కుంటూ. వీధి వీధంతా వెతికితే, ఆ పూట సెలవులో లేని ఇనుప ముక్క ఒక్కటి దొరకలేదు.

కోటమ్మ అరుగు మీద కూర్చుని ఆకులకు సున్నం రాసుకుంటోంది. ఇత్తడి సున్నపుకాయలోంచి సన్నటి ఇత్తడి పుల్ల తీసి, రాసి, మళ్ళీ పెట్టబోయింది. పుల్ల కొన చదునుగా ఉంది.

ఈశ్వరప్రసాద్ ఆ పుల్ల వైపు చూశాడు. నోటితో అడగలేదు, వేలితో చూపించాడు.

"ఇదా?" అంది కోటమ్మ. "దీనికి పూజ చేయలేదప్పా. ఎట్ల చేసేది? పూజలో పెడితే రేపటిదాకా నేను ఏం నమలాల? దీనికి సంక్రాంతి లేదు, దసరా లేదు. నా పెండ్లినాడు కూడా పని చేసింది." కొంగుతో తుడిచి ఇచ్చింది. "పోగొట్టినావంటే మాత్రం నీ కంపెనీని ఇంటికి పంపిస్తాను."

మొదట పుట్టమ్మ ఇంటి మీటరు. పుల్లను స్క్రూ గాడిలో పెట్టి తిప్పాడు. జారింది. మళ్ళీ పెట్టి, బొటనవేలితో అదిమి తిప్పాడు. బిగిసింది. ఫొటో తీసి పంపించాడు. రశ్మి దగ్గర నుంచి ఒక ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

తర్వాతి ఇల్లు. ఆ తర్వాతి ఇల్లు. పొద్దున చెన్నకేశవ పోయిన దారినే, అదే వరసలో. మొదట ఒకరిద్దరు చూడటానికి వెంట వచ్చారు, తర్వాత పదిమంది, సగం వీధి దాటేసరికి అందరూ వచ్చారు. ఈశ్వరప్రసాద్ పెదవి విప్పలేదు. ఒక ఇంట్లో మీటరు ఎత్తుగా ఉంటే ఎవరో స్టూలు తెచ్చారు. ఇంకెవరో దాన్ని కదలకుండా పట్టుకున్నారు. ఉదయ్ కుమార్ తన ఫోను టార్చి వేసి పట్టాడు. "కుడిపక్కకు సార్, ఇంగ కొంచెం" అన్నాడు. ఆ మాటలో పొద్దుటి ఎకసెక్కెం లేదు. చివరికి చెన్నకేశవ కూడా లేచి వచ్చాడు. పుల్ల జారినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "అట్ల కాదప్పా, లోపలికి ఒత్తి తిప్పు, లోపలికి" అన్నాడు. చేతికి పూజ చేశాడు గానీ, నోటికి చేయలేదు కదా.

చివరి ఫొటో పోయాక రశ్మి ఫోను చేసింది. ఈశ్వరప్రసాద్ స్పీకరు పెట్టాడు.

"అన్నీ చూసినాను సార్" అంది.  "ఒక్కో ఇంటి మీటరుకు ఒక్కో రకం పూలు సార్. ఒకరు మల్లెలు, ఒకరు కనకాంబరాలు. ఒకరింట్లో దిష్టికి కాటిక కూడా పెట్టినారు. మాకు ఇక్కడ ఇవన్నీ నంబర్లే సార్. సరే, ఇచ్చేదా?"

"ఆగమ్మా" అంది పుట్టమ్మ. ఈశ్వరప్రసాద్ వైపు తిరిగింది. "కరెంటు వచ్చిందంటే ఒక్కరు కూడా ఈడ నిలబడరు. ముందు చెప్పు. మా మీటరు ఏం చూసింది, వాళ్ళు ఏం అనుకున్నారు, చెన్నన్న చేసింది తప్పా ఒప్పా, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు. ఇప్పుడు తెరువు నోరు."

ఈశ్వరప్రసాద్ అరుగు ఎక్కాడు. ఎదురుగా వీధంతా ఉంది, తలలెత్తి తన ముఖమే చూస్తోంది. ఇంతమంది తన మాట కోసం ఎదురుచూడటం ఆయన జీవితంలో ఎప్పుడూ జరగలేదు. ఏరి పెట్టుకున్న చమత్కారాలన్నీ నాలుక మీద వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటిని పక్కకు తప్పించాడు.

"ఈ మీటరు మూత కింద ఒక చిన్న మీట ఉంటాదప్పా. మూత లేస్తే అది లేస్తాది. లేచిందంటే, నన్ను ఎవరో విప్పినారు అని కృష్ణగిరికి చెప్తాది. ఎందుకు విప్పినారో దానికి తెలీదు. దొంగ విప్పినా, చెన్నన్న విప్పినా దానికి ఒకటే. వరసగా అన్ని ఇండ్లవీ లేచినాయి కాబట్టి అది దొంగతనం అనుకునింది. ఆ అమ్మాయి ఫోను చేసి కనుక్కోబోతే పుట్టమ్మక్క గుడి అనుకుని ఒప్పుకునింది. ఎవురూ దొంగ కాదు. ఎవురూ అబద్ధం చెప్పలేదు. ఇది మొదట మేం చెప్పి ఉండాల. మీటరు బిగించినప్పుడు బిల్లు ఎట్ల చూడాల, ఎండ బాగా ఉన్నప్పుడు గ్రైండరు ఎట్ల వేసుకోవాల అని అంతా చెప్పినాం. పూజ ఎట్ల చేయాల అని చెప్పలేదు. మాకు తోచలేదు."

ఎవరో దగ్గారు. ఈశ్వరప్రసాద్ చెన్నకేశవ వైపు తిరిగాడు.

"ఒక్క మాట, చెన్నన్నా. మూత లోపల కరెంటు ఎప్పుడూ ఉంటాది. తడి గంధం చేత్తో ఆడ పెట్టినావు. నువ్వు ఈపొద్దు ఇండ్లన్నీ తిరిగి బతికి వచ్చినావంటే ఆ తల్లి దయే. వచ్చే ఏడు బొట్టు పైనే పెట్టు. ముఖం మీద పెట్టు. లోపల వద్దు."

చెన్నకేశవ తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.  "సరేప్పా" అన్నాడు. "తల్లి లోపల ఉంటే మాత్రం, బయట పెట్టిన బొట్టు కనపడకుండా పోతుందా?"

"వినపడిందా రశ్మీ? ఇచ్చేయమ్మా."

ఒక్కసారిగా ఇళ్ళన్నీ మేలుకున్నాయి. ఫ్యాన్లు తిరిగాయి, ఎక్కడో మిక్సీ అరిచింది, నాలుగైదు ఇళ్ళలో టీవీలు తాము ఆపిన చోట నుంచే పాట అందుకున్నాయి. పిల్లలు 'హో' అంటూ లోపలికి పరుగెత్తారు. ఆ వెనక ఆడవాళ్ళు, ఆ వెనక మగవాళ్ళు. ఉదయ్ కుమార్ పోతూ పోతూ ఈశ్వరప్రసాద్ భుజం తట్టి, "మంచిది సార్, తమాషాగా మాట్లాడతారని విన్నాను, బాగానే మాట్లాడినారు" అన్నాడు. చెన్నకేశవ దండం పెట్టి దీపంలో నూనె చూసుకోవడానికి పోయాడు. కోటమ్మ సున్నపు పుల్ల లాక్కుని లెక్క సరిచూసుకున్నట్టు రెండుసార్లు తిప్పి చూసి, లోపలికి పోయింది.

వీధిలో మిగిలినవి స్టూలూ, ఎండా, అరుగు మీద ఈశ్వరప్రసాద్. పుట్టమ్మ ఇంట్లోంచి ఆకు కడిగిన నీళ్ళు చిలకరించిన చప్పుడు వచ్చింది.

"ఈశ్వరా, ఆకు వేసినాను, రాప్పా. చెప్పు బయటనే విడువు. ఆ మైసూర్ పాకు ఇట్లియ్యి, చీమలు పడతాయి."

ఆయన లేవబోయాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది.

"సార్, ఉండారా?" అంది రశ్మి. "ఆడ చప్పుడంతా ఆగిపోయిందే."

"కరెంటు వచ్చింది కదమ్మా. అందరూ లోపలికి పోయినారు."

"ఓహో" అంది. "ఇక్కడ కరెంటు ఎప్పుడూ ఉంటాది సార్. పోనే పోదు."

ఆమె వెనక ఏసీ గుర్రుమంటోంది. ఇంకే చప్పుడూ లేదు. పండగ పూట అంత పెద్ద హాలులో ఒక్క కుర్చీలో మనిషి ఉన్నప్పుడు ఏసీ అలాగే వినపడుతుంది. ఈశ్వరప్రసాద్‌కు ఆ చప్పుడు కొత్త కాదు.

"భోంచేసినావామ్మా?"

"డబ్బా తెచ్చుకున్నాను సార్. అదేంది సార్, గుడి అనుకుని ఒప్పుకునింది అన్నారే? ఆడ అందరికీ తెలిసినట్టుండె. నాకు సరిగ్గా వినపళ్ళేదు. ఏం గుడి సార్?"

గడప దగ్గర పుట్టమ్మ తొంగిచూసింది. ఆయన ఫోను వైపు చూపించి, "వస్తా ఉండానక్కా. ఒక్కరికి చెప్పాల, మిగిలిపోయినారు" అన్నాడు. పుట్టమ్మ రెండోసారి పిలవలేదు. ఆకు మీద ఇంకో ఆకు బోర్లించి మూసిపెట్టడానికి లోపలికి పోయింది.

ఈశ్వరప్రసాద్ అరుగు మీద సరిగ్గా కూర్చున్నాడు.

"అయితే వినమ్మా. పొద్దున నువ్వు ఆమెకు ఫోను చేసి టాంపర్ అయ్యిందా అంటివి. అప్పుడు ఆడ గంట కొడతా ఉండారు. ఆమె చేతిలో గంధం గిన్నె. నువ్వన్నది ఆమెకు టెంపుల్ అని వినపడింది. మీటరు గుడి అయ్యిందా అని నువ్వు అడిగినట్టు. అయ్యింది తల్లీ, చూస్తే దండం పెడతావు అనింది. ఎవరు చేసినారు అంటే పూజ చేసినాయన పేరు చెప్పింది. డబ్బులిచ్చినారా అంటే దక్షిణ ఇచ్చినాం అనింది. నువ్వు చూస్తే, గుళ్ళో దేవుడు ఉండంగానే కరెంటు తీసేస్తివి."

ఏసీ చప్పుడు మధ్య ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత కృష్ణగిరిలో ఒక అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. మొదట చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వినట్టు, తర్వాత చేయి తీసేసి, ఆ ఖాళీ హాలంతా మోగేట్టు. ఈశ్వరప్రసాద్ ఫోనును చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని, ఆ నవ్వు దానంతట అది ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు.